బాగా నడుస్తున్న లైనక్స్ సర్వర్‌కు ప్యాచ్‌లు వేయడం అవసరమా?

మీరు అడిగింది ఇది: మా నర్సింగ్ హోమ్‌లో లైనక్స్ సర్వర్ 400 రోజులుగా ఒక్కసారి కూడా ఆగకుండా నడుస్తోంది, ఇప్పుడెవరో సెక్యూరిటీ ప్యాచ్‌లు వేయమంటున్నారు, బాగా నడిచేదాన్ని ఎందుకు కెలకాలి, మా చిన్న ఊరి సర్వర్‌తో హ్యాకర్లకు ఏం పని?

వేయాలి. ప్యాచ్ అంటే సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని సరిచేసే దిద్దుబాటు. హ్యాకర్ల సంగతి తర్వాత చెబుతాను. మీ ప్రశ్న చదివితే నాకు భయం వేసింది ఆ 400 రోజులను చూసి. ఆ అంకెను మీరు గర్వంగా రాశారు. 2012లో నేను కూడా అలాంటి అంకెనే అందరికీ గర్వంగా చెప్పేవాణ్ణి.

అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి నడిచి పోయేంత దూరంలో ఒక బట్టల దుకాణం. మూడంతస్తులు, ఆరు బిల్లింగ్ కౌంటర్లు. ధర్మవరం పట్టుచీరల దగ్గర్నుంచి స్కూల్ యూనిఫారం గుడ్డ దాకా అన్నీ ఉంటాయి. వాళ్ళ కంప్యూటర్ల పని నేనే చూసేవాణ్ణి. ఆ ఏడు ఉగాది మార్చి 23న వచ్చింది. పొద్దున ఆరు దాటాక కొత్త సర్వర్‌కు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, సావుకారుగారి చేతే స్విచ్ నొక్కించాం. అందులో ఉన్నది సెంటాస్ 6, లైనక్స్‌లో ఒక రకం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చినతను పోతూ పోతూ ఒక మాట చెప్పిపోయాడు: "ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్‌డేట్లు వేయొద్దు. వేస్తే మా సాఫ్ట్‌వేర్‌కు మాది పూచీ కాదు." నేను తలూపి అప్‌డేట్లన్నీ ఆపేశాను. ఇప్పటికీ ఆ తలూపడమే నాకు బాధ.

2012లో మా వైపు కరెంటు ఎలా ఉండేదో అప్పుడు ఇక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు. గంటల తరబడి కోతలు. చెప్పిన వేళకు పోదు, చెప్పిన వేళకు రాదు. సావుకారుగారు ఒక్క సర్వర్ కోసమే వేరే యూపీఎస్, పెద్ద బ్యాటరీలు, వాటి వెనక జనరేటర్ పెట్టించారు. ఊరంతా చీకటైనా ఆ సర్వర్ మాత్రం ఆగలేదు. నెలకోసారి నేను పోయి అప్‌టైమ్, అంటే ఆగకుండా ఎన్నాళ్ళు నడిచిందో, చూసి "నూట ఇరవై రోజులు", "నూట యాభై రోజులు" అని చెప్తే, ఆయన పక్క దుకాణాల వాళ్ళను పిలిచి చెప్పేవారు.

అక్టోబరు 17, బుధవారం. దసరా నవరాత్రుల్లో రెండో రోజు. సాయంత్రం ఆరున్నరకు ఫోన్. కౌంటర్ మీద పనిచేసే పిల్లాడు. "అన్నా, ఆరు కౌంటర్లూ ఒకేసారి నిలిచిపోయినాయి. మౌస్ కదుల్తాంది గానీ బిల్లు రావట్లేదు." బండి తీసుకుని పోయేసరికి దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. కళ్యాణదుర్గం, ఉరవకొండ, గుత్తి వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు బట్టలు ఎంచుకుని, చంకన పిల్లల్నేసుకుని నిలబడి ఉన్నారు. ఒక అవ్వ కౌంటర్ పిల్లాడి చేతిలో డబ్బులు పెట్టేస్తోంది: "బిల్లు లేకుంటే పాయె నాయనా, దుడ్లు తీసుకో. బస్సు పోతాది." వాడు తీసుకోలేడు. తీసుకుంటే స్టాకు లెక్క తప్పుతుంది, రాత్రికి వాడి జీతంలోంచి కోస్తారు.

సర్వర్ గదిలోకి పోయి స్క్రీన్ ఆన్ చేశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. కెర్నల్ పానిక్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ చేతులెత్తేసింది. కీబోర్డు పలకదు. ఏమీ అర్థం కాకపోయినా ఫోన్‌తో ఆ తెరను ఫోటో తీశాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకున్నాను. మళ్ళీ ఆన్ అయ్యాక డిస్కు పరీక్ష మొదలైంది, ఎంతకీ తెమలదు. అది పూర్తయ్యాక చూస్తే బిల్లుల టేబుల్ దెబ్బతింది. సగం రాసి ఆగిన బిల్లులు. దాన్ని రిపేర్ చేసి కౌంటర్లు తెరిచేసరికి తొమ్మిదైంది. అప్పటికి పాత బిల్లు పుస్తకాలు వెతికి, కార్బన్ పేపర్ పెట్టి చేత్తో రాస్తున్నారు. చాలామంది బట్టలు అక్కడే వదిలేసి పోయారు. సావుకారుగారు అరవలేదు. "బంగారట్ల నడిచేదానికి ఏమాయె నాయనా?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు యూపీఎస్ అతన్ని అనుమానించాం. పాపం అతను వచ్చి బ్యాటరీలన్నీ మీటర్ పెట్టి చూపించి, బాధపడి పోయాడు. ర్యామ్ మార్చాం. దసరా అయ్యాక ఒక రాత్రి ఆ ఫోటోలోని మాటల్ని ఒక్కొక్కటే టైపు చేసి వెతికాను. అప్పుడు దొరికింది 208 అనే అంకె. దుకాణం గోడకున్న పంచాంగం క్యాలెండరు దింపి, ఉగాది మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. మార్చిలో మిగిలినవి 8, ఏప్రిల్‌తో 38, అలా సెప్టెంబరు చివరికి 191, అక్టోబరు 17కు 208. ఉగాది పొద్దున ఆరు దాటాక మొదలైంది, బుధవారం సాయంత్రం ఆరు దాటాక పోయింది. సరిగ్గా 208 రోజుల ఒక పూట.

కారణం ఇది. ప్రాసెసర్‌లో టిక్కులు లెక్కపెట్టే కౌంటర్ ఒకటి ఉంటుంది. కెర్నల్ ఆ టిక్కులను గుణించి, భాగించి నానోసెకన్లుగా మార్చుకుంటుంది. అప్పటి కెర్నళ్ళలో గుణకారం ముందు జరిగేది. మెషిన్ ఎక్కువ రోజులు నడిస్తే ఆ గుణకారం ఫలితం 64 బిట్లలో పట్టదు. 54 రెళ్ళను వరసగా గుణిస్తే ఎంతొస్తుందో అన్ని నానోసెకన్లకు, అంటే 208 రోజుల 12 గంటలకు, లెక్క పొంగిపోయి గడియారం వెనక్కి దూకుతుంది. ఏ పనికి ఎంత సమయం ఇవ్వాలో ఆ గడియారం చూసే నిర్ణయించే షెడ్యూలర్ అక్కడ తప్పటడుగు వేస్తుంది. దీన్ని సరిచేసే ప్యాచ్‌ను 2011 నవంబరులోనే రాశారు. మేము టెంకాయ కొట్టేనాటికే మందు ఉంది. మేం తాగలేదు.

ఇలాంటిది ఇదొక్కటే కాదు. విండోస్ 95 ఆపకుండా నడిపితే 49.7 రోజులకు బిగుసుకుపోయేది, అది 32 బిట్లలో మిల్లీసెకన్ల లెక్క. 2015లో బోయింగ్ 787 విమానాల విషయంలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఒక ఆదేశం ఇచ్చింది. 248 రోజులు ఆపకుండా కరెంటు ఇస్తే జనరేటర్ కంట్రోల్ యూనిట్లు ఆగిపోవచ్చు, అందుకని ముందే ఆపి మళ్ళీ ఆన్ చేయండి అని. ఏ హ్యాకరూ రాలేదు. యంత్రం తనంతట తానే పడిపోయేది.

ప్యాచ్ అంటే దొంగలు రాకుండా వేసే తాళం అని మాత్రమే అనుకోవడం తప్పని నేను చెప్పేది ఇందుకే. మాది చిన్న ఊరు, దొంగ ఎందుకొస్తాడని మీరు సర్దిచెప్పుకోవచ్చు. కానీ ప్యాచ్‌లలో చాలా పని దొంగలకు సంబంధించింది కాదు. డిస్కులో రాసింది చెడకుండా, మెమరీ కారిపోకుండా, లెక్క పొంగకుండా చేసే దిద్దుబాట్లవి. సావుకారుగారికి నేను దీన్ని కంప్యూటర్ భాషలో చెప్పలేకపోయాను. వాళ్ళకు చెరువు కింద మడి ఉంది. "వానలకు ముందు నీరుగంటి కట్ట మీద నడుస్తూ ఎండ్రకాయ బొక్కలు పూడుస్తాడు కదా సార్, ఇదీ అదే" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ముసలమ్మ ప్రాణమిచ్చి నిలబెట్టిందని చిన్నప్పటి నుంచి విన్న ఊరు మాది. తర్వాత "నెలకెంత సేపు పడ్తాది?" అని అడిగారు. అంతే, ఒప్పుకున్నట్టే.

నాకు నిజంగా కోపం వచ్చేది సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళ మీద. "అప్‌డేట్ వేయొద్దు" అనే మాట ఇప్పటికీ మానలేదు. తమ ప్రోగ్రామ్‌ను కొత్త లైబ్రరీల మీద పరీక్షించే ఓపిక లేక, ఆ బరువును కొన్నవాడి నెత్తిన పెడతారు. సెంటాస్ 6కు దిద్దుబాట్లు 2020 నవంబరులో ఆగిపోయాయి, సెంటాస్ 7కు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. మా ఊళ్ళో నేను వెళ్ళే చోట్ల సెంటాస్ 7 ఇంకా కనబడుతూనే ఉంది. అడిగితే అదే జవాబు: నడుస్తోంది కదా.

ఇక హ్యాకర్ల సంగతి. మీ ఊరి పేరు ఎవరూ చూడరు. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి ఐపీ అడ్రసునూ ప్రోగ్రామ్‌లు రాత్రింబవళ్ళు తట్టి చూస్తుంటాయి. మా దుకాణానికి బయటి నుంచి నేరుగా అందే పబ్లిక్ ఐపీ తీసుకున్న మొదటి రాత్రే లాగ్ నిండా ఎవరెవరో పాస్‌వర్డ్ ప్రయత్నించిన వరసలు. 2016లో బయటపడ్డ డర్టీ కౌ అనే లోపం లైనక్స్ కెర్నల్‌లో 2007 నుంచి ఉంది. మామూలు యూజర్‌గా లోపలికొచ్చినవాడు దాంతో రూట్, అంటే సర్వర్ మీద సర్వాధికారాలున్న యూజర్, అయిపోగలడు. ఒకసారి పూడ్చిన కన్నం మళ్ళీ తెరుచుకోవడమూ ఉంది. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2006లో సరిచేసిన లోపమే 2020లో చేసిన ఒక మార్పు వల్ల తిరిగి వచ్చి, 2024 జూలైలో బయటపడింది. లైనక్స్ సర్వర్లు అప్పుడు పరుగెత్తి ప్యాచ్ వేసుకున్నాయి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ మీద మాత్రం అది పనిచేయలేదు, ఆ చోట వాళ్ళు 2001లోనే వేరే జాగ్రత్త తీసుకున్నారు కాబట్టి.

ఓపెన్‌బీఎస్‌డీ పేరు వచ్చింది కనుక ఒక మాట. దుకాణం ఫైర్‌వాల్‌ను, అంటే బయటి నెట్‌కూ లోపలి మెషిన్లకూ మధ్య కాపలా ఉండేదాన్ని, నేను దాని మీదికి మార్చడానికి కారణం ఒక్కటే. వాళ్ళు విడుదల చేసే ప్రతి దిద్దుబాటు పక్కన అది సెక్యూరిటీ కోసమా, రిలయబిలిటీ కోసమా అని ఒక్క మాటలో రాస్తారు. 2012లో నా కళ్ళముందు ఆ రెండో మాట ఉండి ఉంటే నేను తలూపేవాణ్ణి కాదు. ఆరు నెలలకో విడుదల, చివరి రెండు విడుదలలకే దిద్దుబాట్లు. కాబట్టి ఏళ్ళ తరబడి పడుకోబెట్టడానికి అది వీలివ్వదు. 2017లో 6.1 విడుదలతో పాటు ప్యాచ్‌లు వేసే సిస్‌ప్యాచ్ అనే ప్రోగ్రామ్ వచ్చాక ఒక్క కమాండ్‌తో అయిపోతుంది, నచ్చకపోతే చివరిదాన్ని వెనక్కి తీసేయొచ్చు. వాళ్ళకూ తప్పులు తప్పవు. 2020 జనవరిలో వాళ్ళ మెయిల్ సర్వర్‌లో బయటివాడు రూట్‌గా కమాండ్ నడిపించగల లోపం దొరికింది. దొరికింది, వెంటనే ప్యాచ్ ఇచ్చారు. నాకు కావలసింది అదే.

ప్యాచ్ వల్లే చెడితే అని అడుగుతారు. చెడుతుంది, నిజమే. 2023 డిసెంబరులో డెబియన్ అనే లైనక్స్ 12.3 విడుదలతో రావాల్సిన కెర్నల్‌లో, ఫైళ్ళను డిస్కులో సర్దే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో డేటా పాడుచేసే లోపం బయటపడింది. ఆ విడుదలను ఆపి, సరిచేసిన కెర్నల్‌తో 12.4 ఇచ్చారు. అందుకే నేను వచ్చిన రోజే అసలు సర్వర్ మీద వేయను. మూలనున్న పాత మెషిన్‌లో అదే సిస్టమ్ పెట్టాను. ముందు దాని మీద వేసి, రెండు మూడు రోజులు ఉత్తుత్తి బిల్లులు కొట్టి చూసి, తర్వాత అసలుదాని మీద వేస్తాను. రోజు కూడా నిర్ణయించుకున్నాం. అమావాస్య నాడు కొత్త బట్టలు కొనేవాళ్ళు తక్కువ, దుకాణం తొందరగా కడతారు. ఆ రాత్రే ప్యాచ్‌లు. ఇప్పుడు సావుకారుగారి క్యాలెండరులో ప్రతి అమావాస్య కింద ఎర్ర సిరాతో "ప్యాచ్" అని ఆయన చేతిరాతే ఉంటుంది.

ఒక సంగతి చాలామంది మరిచిపోతారు. కెర్నల్ ప్యాచ్ వేసి రీబూట్ చేయకపోతే నడిచేది పాత కెర్నలే. రీబూట్ లేకుండానే కెర్నల్‌ను సరిచేసే లైవ్ ప్యాచింగ్ పెట్టుకుంటే వేరు, మామూలు సర్వర్లలో అది ఉండదు. మీ 400 రోజులంటే, ఈ 400 రోజుల్లో వచ్చిన ఏ కెర్నల్ దిద్దుబాటూ మీ మెషిన్‌లో పనిచేయడం లేదన్నమాట. యూనేమ్ కమాండ్ (uname -r) కొట్టి నడుస్తున్న వెర్షన్ చూడండి, డిస్కులో ఉన్న కొత్త వెర్షన్‌తో పోల్చండి.

అయితే ఈ జవాబు చదివి ఈ రాత్రికే రీబూట్ నొక్కకండి. ఇన్నాళ్ళు తిరిగిన డిస్కు ఒకసారి ఆగితే మళ్ళీ లేవకపోవచ్చు. ఎప్పుడో మార్చి సేవ్ చేయని సెట్టింగ్ ఏదో పోవచ్చు. మీది ఆస్పత్రి, బట్టల దుకాణం కాదు. ముందు బ్యాకప్ తీయండి. తీసిన బ్యాకప్‌ను ఇంకో మెషిన్‌లో తెరిచి, నిన్నటి పేషెంట్ల వివరాలు కనబడుతున్నాయో లేదో కళ్ళతో చూడండి. రెండు రోజులకు సరిపడా ఓపీ చీటీలు అచ్చు వేయించి రిసెప్షన్‌లో పెట్టండి. సర్వర్‌కు మానిటర్, కీబోర్డు తగిలించి, మీకు సాయం చేసే మనిషి ఎదురుగా ఉన్నప్పుడు, ఓపీ అయిపోయిన మధ్యాహ్నం పూట రీబూట్ చేయండి.