రాత్రి తిరిగొచ్చే దారి చూసి గది తీసుకోండి

ప్రశ్న: అక్కా, నవంబర్‌లో మా పెళ్లయింది. సెలవులు కుదరక హనీమూన్ జనవరి ఆఖరికి పెట్టుకున్నాం. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ చూడాలన్నది నా చిన్నప్పటి కోరిక. నాలుగు రాత్రుల గదికి టాక్స్‌తో కలిపి 1,200 డాలర్లు దాటొద్దని మా వారు అంటున్నారు. పాలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్ లాంటి డిస్నీ ఖరీదైన హోటళ్ల రేట్లు చూస్తే కళ్లు తిరిగాయి. చవక హోటళ్లలో పిల్లల గోల తప్ప ఏమీ ఉండదని స్నేహితులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: చిన్నప్పటి కోరిక అన్నారు కాబట్టి బయట హోటల్ తీసుకోమని నేను చెప్పను చెల్లీ. డిస్నీ హోటల్లో దిగితే రోజూ మామూలు జనం కంటే అరగంట ముందు పార్కులోకి వదులుతారు. ఉన్న చోటే ఉండి రోజంతా గడిపే సుఖం వేరు.

ఓర్లాండోలో మా ఇంటికొచ్చే కొత్త జంటలందరికీ ఒకే మాట చెబుతుంటాను. గది ఫోటోలు తర్వాత, రాత్రి బాణాసంచా అయ్యాక గదికి ఎలా చేరతారో ముందు చూడండి. ఆ వేళకి జనమంతా ఒక్కసారే బస్సుల మీద పడతారు. కాళ్లు పీకుతుంటే లైన్లో నిలబడి, బస్సులోనూ నిలబడి వచ్చిన జంట గదికి చేరేసరికి మాటలు తగ్గిపోతాయి.

అన్నిటికంటే చవకవి మూడు ఆల్-స్టార్ హోటళ్లు. వాటికి బస్సులు తప్ప దారి లేదు. ఆటల పోటీలకు వచ్చే పిల్లల టీములు కూడా అక్కడే ఎక్కువ దిగుతాయి. మీకు అవి వద్దు. అదే చవక తరగతిలో పాప్ సెంచరీ మాత్రం నాకు ఇష్టం. చెరువు పక్కనుంచే స్కైలైనర్ అనే రోప్‌వే బయల్దేరుతుంది. ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కులకి అందులో వెళ్లొచ్చు, మధ్యలో ఒకచోట మారాలి. రద్దీ లేకపోతే ఒక క్యాబిన్‌లో మీ ఇద్దరే కూర్చుంటారు, కింద చెరువులో హోటల్ దీపాలు కనిపిస్తూ ఉంటాయి. ఉరుములు, మెరుపులు వస్తే ఆపేస్తారు. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి మాత్రం బస్సే. గది చిన్నదే. అయితే రెండో మంచం గోడలోకి మడిచేసే రకం, ఇద్దరికీ దానితో పని లేదు కాబట్టి ఇరుకు అనిపించదు.

కానీ మీరు నా సొంత చెల్లెలైతే పోర్ట్ ఓర్లియన్స్ ఫ్రెంచ్ క్వార్టర్‌కే పంపుతాను. ఇది మధ్య తరగతి రేటు. ఇక్కడినుంచి కూడా పార్కులకి బస్సే, కానీ ఆ తరగతి హోటళ్లన్నిటిలో ఇదే చిన్నది, అందుకే ఏ గది ఇచ్చినా బస్ స్టాప్ దూరమనిపించదు. ఇనప రెయిలింగుల బాల్కనీలు, సన్నటి వీధులు, వీధి దీపాలు చూస్తే పాత న్యూ ఓర్లియన్స్‌లో ఉన్నట్టుంటుంది. భోంచేశాక నది ఒడ్డున పక్కనే ఉన్న రివర్‌సైడ్ హోటల్ దాకా నడవొచ్చు. షాపులు, రెస్టారెంట్లు ఉండే డిస్నీ స్ప్రింగ్స్‌కి ఉచితంగా పడవ ఉంది. సాయంత్రం వెళ్లి చీకటి పడ్డాక తిరిగి రండి, ఒక్క డాలర్ ఖర్చు లేకుండా అంత హాయైన ప్రయాణం డిస్నీ మొత్తంలో ఇంకోటి నాకు తెలీదు. కూర్చుంటే వడ్డించే రెస్టారెంట్ ఇక్కడ లేదు, దానికి రివర్‌సైడ్‌కి వెళ్లాలి. బుక్ చేసేటప్పుడు కింగ్ బెడ్ గది అని స్పష్టంగా ఎంచుకోండి. అవి తక్కువ, మామూలుగా ఇచ్చేవి రెండు క్వీన్ మంచాల గదులు.

లెక్క విషయానికొస్తే, డిస్నీ ఉన్న ఆరెంజ్ కౌంటీలో గదికి టాక్స్ 12.5 శాతం. రాత్రికి 250 అని చూపిస్తే మీరు కట్టేది 281 పైన. అంటే మీ బడ్జెట్‌లో టాక్స్ కాకుండా రాత్రికి 266 దాకా వెళ్లొచ్చు. ఫ్రెంచ్ క్వార్టర్ ఆ తేదీలకి అంతలో దొరక్కపోతే నాలుగు రాత్రుల్ని మూడు చేసుకోండి, హోటల్ మార్చకండి. విమానాశ్రయం నుంచి డిస్నీ నడిపిన ఉచిత బస్సు 2022లోనే ఆపేశారు, ఆ టాక్సీ ఖర్చు విడిగా పెట్టుకోండి. కారులో వస్తే హోటల్లో పార్కింగ్ ఉచితం.

మీ వారితో ఇంకో మాట చెప్పండి. ఒక రోజు పార్కు టికెట్ కొనకండి. పొద్దున తీరిగ్గా లేచి, వేడినీళ్ల స్విమ్మింగ్ పూల్‌లో గడిపి, సాయంత్రం బస్సులో మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దాకా వెళ్లి, అక్కడ మోనోరైల్ (స్తంభాల మీద నడిచే రైలు) ఎక్కి పాలినేషియన్‌లో దిగండి. దాని ఇసుక ఒడ్డు నుంచి సరస్సు అవతల మ్యాజిక్ కింగ్‌డమ్ బాణాసంచా కనిపిస్తుంది. మోనోరైల్‌కి టికెట్ అక్కర్లేదు. మీ కళ్లు తిరిగేలా చేసిన ఆ రేట్లలో సగం ఆ దృశ్యానికే కదా!

ఇప్పుడే ఒక రాత్రి అద్దె కట్టి గది పట్టేసుకోండి. తర్వాత జనవరికి డిస్కౌంట్ ప్రకటిస్తే, గదులుంటే ఫోన్ చేసి రేటు తగ్గించమనొచ్చు. చెక్-ఇన్ అప్పుడు హనీమూన్ అని చెప్పి పెళ్లి బ్యాడ్జీలు అడగండి, ఉచితంగా ఇస్తారు.