జేసీబీ రాకముందే ఒక మాట

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. విజయనగరంలో నీకు పార్కుల పని అప్పగించారని, మొదటి పార్కుకు ప్లాను నువ్వే గీశావని చెబుతుంటే ఆవిడ గొంతు ఆగలేదు. ముప్పై రెండేళ్లు మున్సిపాలిటీ తోటల్లో తిరిగాను. నా తరువాత మన ఇంట్లో మట్టి ముట్టేవాళ్లు ఉండరనుకున్నాను. చాలాసేపు వసారాలో ఒక్కణ్ణే కూర్చుని మురిసిపోయాను. ఆ తరువాత నువ్వు పంపిన ప్లాను ఫోనులో పెద్దది చేసి చూశాను. పాత చెట్ల వరసను ఆనుకుని పది అడుగుల నడకదారి, మాను మొదలుదాకా టైల్స్, సంక్రాంతికి ప్రారంభోత్సవం. ఇక నిద్ర పట్టలేదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. నీళ్లు తెల్లవారుజామున పెట్టించు. రాలిన ఆకు తగలబెట్టనివ్వకు, ఒక మూల గొయ్యి తీయించి పేడనీళ్లు చల్లిస్తే అదే ఎరువవుతుంది. వయ్యారిభామ కలుపును పూత రాకముందే పీకించు, పీకేవాళ్లకు చేతి తొడుగులు ఇవ్వు, అది ఒంటికి తగిలితే దద్దుర్లు వస్తాయి. చెట్ల నీడలో కొరియన్ గడ్డి వేయకు, ఎన్ని నీళ్లు పోసినా అక్కడ పలచబడిపోతుంది. ఫౌంటెన్ కన్నా ముందు ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించు. దానికి నీళ్లు, లోపల గడియ ఉన్నాయో లేదో నువ్వే వెళ్లి చూడు. దీపస్తంభాలకు ఎర్తింగు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ లేకుండా బిల్లు మీద సంతకం పెట్టకు. వాన వెలిశాక పిల్లలు ముందు పట్టుకునేది ఆ స్తంభాలనే.

మొక్కల విషయంలో త్వరగా ఎదిగేవాటికి ఆశపడకు. హుద్‌హుద్ తుఫాను తరువాత విశాఖలో త్వరగా నీడ వస్తుందని ఏడాకుల పాల విస్తారంగా నాటారు. ఇప్పుడు చలికాలం రాత్రుళ్లు ఆ పూల ఘాటు భరించలేకపోతున్నామని జనం గోల పెడుతున్నారు. కోనోకార్పస్ జోలికి అసలు పోకు. పొగడ, కానుగ, వేప నాటించు. రెండు నేరేడు చెట్లు కూడా ఉండాలి. దారంతా మరకలవుతుందని ఎవరో ఒకరు అంటారు. కానివ్వు, పిల్లలు నాలుకలు ఊదారంగు చేసుకుని ఇంటికి వెళ్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అత్తయ్యకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను పనిచేసిన పార్కులో రెండు నిద్రగన్నేరు చెట్లు ఉండేవి, నీకు గుర్తుండే ఉంటుంది. ఒకటి గేటు దగ్గర, ఒకటి నీళ్ల ట్యాంకు పక్కన. రెండూ ఒకే ఈడువి. సాయంత్రం ఆకులు ముడుచుకుంటే, చెట్టు నిద్రపోతోంది, మెల్లగా మాట్లాడండి అని నువ్వు అందరినీ గదమాయించేదానివి.

హుద్‌హుద్‌కు రెండేళ్ల ముందు నడకదారి వెడల్పు చేయాలన్నారు. గేటు వైపు అంచురాళ్లకు పునాది కావాలి. మానుకు ఆరడుగుల దూరంలో రెండడుగుల లోతు కందకం తవ్వాలి. మా తోటమాలి పెద్దాయన వచ్చి, "బాబూ, దారిని కాస్త వంకర తిప్పుదాం, వేరు కోస్తే కాలు కోసినట్టే" అన్నాడు. వంకర దారి చూడడానికి బాగుండదని నేనే అన్నాను. అక్షరాలా అదే మాట అన్నాను. జేసీబీ ఒక్క పూటలో పని ముగించింది. తొడంత లావు వేళ్లు నాలుగు తెగిపోయాయి. తెగిన చోట్ల మట్టి కప్పించి, పైన కాంక్రీటు, టైల్స్ వేయించాను. దారి గీత గీసినట్టు వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు.

మరుసటి ఏడు ఆ వైపు కొమ్మల చివర్లు ఎండాయి, ఆకు చిన్నదైంది. ఎండల వల్లేనని సరిపెట్టుకున్నాను. వానల్లో మాను మొదట్లో పుట్టగొడుగులు వచ్చాయి. గీకి పారేయించాను. చెట్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది అమ్మా, నేనే వినలేదు.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ గాలి సంగతి నీకు చెప్పనక్కరలేదు. మర్నాడు పొద్దున్న దారికి అడ్డం పడ్డ కొమ్మలన్నీ దాటుకుంటూ పార్కుకు వెళ్లాను. గేటు దగ్గర చెట్టు వేళ్లతో సహా లేచి, ప్రహరీని కూల్చి, రోజూ బజ్జీల బండి నిలిపే చోట పడి ఉంది. తుఫాను హెచ్చరికతో బజ్జీలాయన ఆ వేళ బండి తేలేదు. పైకి లేచిన వేళ్ల పళ్లెంలో నేను కోయించిన వైపు చూశాను. నాలుగు మొండేలూ బొగ్గులా నల్లబడి, వేలితో నొక్కితే పిండిలా రాలాయి. ఊళ్లో వందల చెట్లు పడ్డాయి. అందరూ గాలినే తిట్టారు, నన్ను ఎవరూ అడగలేదు. నీళ్ల ట్యాంకు పక్కన రెండో నిద్రగన్నేరు మాత్రం కొమ్మలు విరిగినా నిలబడే ఉంది. దాని వేళ్లను ఎవరూ ముట్టుకోలేదు. తోటమాలి పెద్దాయన వచ్చి పడిన చెట్టు మొండెం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు.

ఆ చెట్టు కొమ్మకే, అంతకు వారం రోజుల ముందు, దసరా సెలవులకు వచ్చిన నీకు ఉయ్యాల కట్టాను.

అందుకే ఈ ఉత్తరం. మాను ఒక అడుగు మందం ఉంటే చుట్టూ పన్నెండడుగుల మేర యంత్రం పెట్టకూడదు. మందం పెరిగేకొద్దీ ఆ దూరం పెరగాలి. ఆహారం తెచ్చే వేళ్లు చాలావరకు పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పోతాయి. అక్కడ దారి వేయక తప్పకపోతే తవ్వకుండా పైన గ్రావెల్ పరిపించు. నీళ్లు ఇంకే పాదు వదలకుండా టైల్స్ వేయించకు. ఉన్నచోట పగలగొట్టించు. చెట్టు కొట్టాల్సి వస్తే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. వేరు కోయడానికి మాత్రం ఎవరూ అడ్డురారు. అడ్డుపడాల్సింది నువ్వే.

సంక్రాంతికి ప్రారంభం అంటే తవ్వకం అక్టోబరు, నవంబరులో పడుతుంది. మన తీరానికి తుఫానులు వచ్చే నెలలు అవే. తడిమట్టి, కొత్తగా తెగిన వేరు, ఈదురుగాలి. ఇంత చదువుకుని ఆ తేదీకి ఎలా ఒప్పుకున్నావు? పని మాఘంలో మొదలుపెడతానని రాతపూర్వకంగా ఇవ్వు. కోప్పడతారు. పడనివ్వు. ఉద్యోగం కొత్త, ఎదురు చెప్పడం కష్టమని నాకు తెలుసు. నీ వయసులో నాకూ నోరు పెగల్లేదు. నువ్వు చిన్నప్పుడే నలుగురినీ గదమాయించినదానివి.

వచ్చే శనివారం మొదటి బస్సుకు వస్తున్నాను. మోకాళ్ల సంగతి మీ అమ్మ ఏదో చెబుతుంది, పట్టించుకోకు. నువ్వు పొడుగాటి టేపు, బస్తా సున్నం, ఒక గునపం సిద్ధంగా ఉంచు. కాంట్రాక్టరు రాకముందే ప్రతి చెట్టు చుట్టూ ఇద్దరం కలిసి గీత గీద్దాం.

ప్రేమతో,
మామయ్య