మొదటి కారుగా పాత స్పోర్ట్స్ కారు కొంటానంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన రెండు ప్రకటనలూ చూశాను. ఎర్రది 1990 మాజ్డా మియాటా, వెండి రంగుది 2001. ఒకటి నీకంటే పదేళ్లు పెద్దది, ఇంకోటి నీ ఈడుది. మీ అమ్మ కూడా ఫోన్ చేసింది. "రెండు సీట్ల డొక్కు కారట, పైన కప్పు గుడ్డదట, నువ్వే నచ్చజెప్పు" అంది. సరే, నేను మాట్లాడతానన్నాను. వద్దని చెప్తానని మాత్రం అనలేదు. కాబట్టి హడలిపోకుండా చదువు.

కారు ఎంచుకోవడంలో నువ్వు తెలివిగానే ఉన్నావు. అదే డబ్బుకి పాత పోర్ష బాక్స్‌టరో, బీఎండబ్ల్యూ జడ్‌3యో వస్తుంది కదా అని మీ రూమ్మేట్ అన్నాడట. వస్తుంది. కొనేటప్పుడు పాత కారు ధర, బాగుచేయించేటప్పుడు మాత్రం పోర్ష ధర. మియాటా అలా కాదు. 1989లో చికాగో ఆటో షోలో బయటికొచ్చిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఆపకుండా తయారవుతూనే ఉంది. 2016లోనే పది లక్షలు దాటాయి. స్పేర్ పార్టులకి లోటు లేదు, బానెట్ ఎత్తితే చెయ్యి దూరేంత చోటుంది, యూట్యూబ్ చూసి నేర్చుకునేవాడికి కూడా అంతుచిక్కుతుంది. మొదటి తరంది టన్ను బరువు కూడా ఉండదు, 116 హార్స్‌పవర్. అంకె చూసి నవ్వకు. మలుపుల్లో దాని పనితనం నువ్వే చూస్తావు.

ఇక అసలు ప్రశ్న. ఈ కారు ఒక వారం షెడ్డులో ఉంటే నువ్వు ఆఫీసుకి ఎలా వెళ్తావు? పాతికేళ్ల కారు షెడ్డుకి వెళ్లడం ఖాయం, ఎప్పుడన్నదే తేలాలి. రూమ్మేట్ కరోలాలో చోటుంటేనో, ఆ రోజుల్లో ఇంటి నుంచి పని చెయ్యనిస్తేనో, బస్సు ఆఫీసు దగ్గర దింపితేనో కొనుక్కో. ఇవేవీ లేకపోతే ముందు ఒక సివిక్కో కరోలానో కొనుక్కుని, దీన్ని రెండో కారుగా పెట్టుకో. ఇందులో మొహమాటం లేదు. ఒహాయోలోని మీ కొలంబస్ చలిలో పొద్దున్నే స్టార్టవని కారు దగ్గర నిలబడి మేనేజరుకి మెసేజి పెట్టుకునే గతి పట్టకూడదు.

డబ్బు సంగతి. నీ దగ్గర తొమ్మిది వేల డాలర్లున్నాయంటే, నువ్వు కొనాల్సింది ఆరున్నర వేల కారు. మిగతా రెండున్నర మొదటి ఏడాదికి పక్కన పెట్టు. టైర్లు, టైమింగ్ బెల్టు, బ్యాటరీ, రేడియేటరు, పైకప్పు గుడ్డ... ఒక్కోటి చిన్నదే, అన్నీ కలిస్తే తడిసి మోపెడవుతుంది. ఉన్నదంతా ఊడ్చి కారు కొన్నవాళ్లే ఆరు నెలల్లో తెగనమ్ముతారు. వాళ్ల దగ్గరే మనలాంటివాళ్లు చవగ్గా కొనుక్కుంటారనుకో, అది వేరే సంగతి.

ఇప్పుడు కారు చూడటం ఎలాగో చెప్తాను. అందరూ ముందు బానెట్ ఎత్తుతారు. నువ్వు ముందు నేల మీద కూర్చో. మియాటా ఇంజిను మొండిది. పోయినా ఇంకోటి దొరుకుతుంది, గేరుబాక్సూ అంతే. ఒంటికి తుప్పు పడితే మాత్రం మందు లేదు. మీ ఒహాయోలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఈ మాట నీకు మరీ ముఖ్యం.

గుడ్డ కప్పు మీద పడ్డ వాన సీట్ల వెనక రెండు వైపులా ఉన్న గొట్టాల్లోకి దిగి, వెనక చక్రాల ముందు కిందికి పోతుంది. ఆకులూ దుమ్మూ చేరి ఆ గొట్టాలు మూసుకుపోయాయంటే నీళ్లు లోపలే ఆగి, తలుపు కింద ఉండే గుల్ల పట్టీని లోపల్నుంచి తినేస్తాయి. బయటికి పెయింటు చిన్న బుడగలా ఉబ్బి కనిపించేసరికి లోపల పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. వెనక చక్రం ముందు, తలుపు కింద, ఆ పట్టీ అంచుని వేళ్లతో మెల్లగా తడుముకుంటూ వెళ్లు. గరుకుగా పెచ్చులు తగిలితే ఒక గుర్తు. మరీ నున్నగా, కొత్త పెయింటు వాసనతో ఉన్నా గుర్తే. పల్చటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టి ఆనించు. ఇనుముకి అతుక్కుంటుంది, లప్పం పెట్టిన చోట జారిపోతుంది. తర్వాత సీట్లు ముందుకి జరిపి, వాటి వెనక కార్పెట్టు మీద అరచేత్తో గట్టిగా నొక్కు. చెమ్మ తగిలిందంటే గొట్టాలు మూసుకున్నట్టే.

రెండో తరంలో, అంటే నీ వెండి రంగుదానిలో, ఇంకో చోటుంది. ముందు బంపరు వెనక, ఇంజినుకి అటూ ఇటూ పోయే చాసిస్ పట్టీలు. అక్కడ ఇనుము రెండు పొరలు. మధ్యలో ఉప్పు నీళ్లు చేరితే బయటికి ఏమీ కనపడదు. టార్చి వేసి చూడు, స్క్రూడ్రైవరు పిడితో తట్టు. మంచి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చింది చప్పగా పలుకుతుంది. అడుగంతా నిగనిగలాడుతూ ఈమధ్యే నల్లటి పూత వేసి ఉంటే ఇంకా అనుమానించు. గుమ్మానికి చెద పట్టాక మీద రంగేసినట్టు అమ్మకానికి ముందు పూసేవాళ్లున్నారు. ఈ పట్టీలు పుచ్చితే యాక్సిడెంటులో నిన్ను కాపాడాల్సిన ఇనుమే లేనట్టు లెక్క. బేరం ఆడకు, థాంక్స్ చెప్పి వచ్చెయ్.

నన్నడిగితే దక్షిణాది కారు చూసుకోవడం మేలు. మా టెక్సస్ కార్లకి ఎండకి డ్యాష్‌బోర్డు పగులుతుంది, వడగళ్లకి బానెట్ మీద సొట్టలు పడతాయి, కానీ అడుగు శుభ్రంగా ఉంటుంది. సొట్టలకి భయపడేవాళ్లు ఎక్కువ కాబట్టి ధర కూడా దిగుతుంది. డాలస్ చుట్టుపక్కల ఏదైనా కనపడితే నేనే వెళ్లి చూసిపెడతాను. ట్రక్కు మీద పంపడానికి సుమారు వెయ్యి డాలర్లవుతుంది. పుచ్చిన కారుకి వెల్డింగు చేయించడం కంటే తక్కువే.

ఎర్రదాని గురించి. 1990లోనూ 1991 మొదట్లోనూ వచ్చిన 1.6 లీటర్ ఇంజిన్లలో క్రాంక్ షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు కొస పొట్టిది. ఎవరో మెకానిక్కు బెల్టు మార్చినప్పుడు అక్కడి బోల్టు సరిగ్గా బిగించకపోతే లోపల పుల్లీని పట్టి ఉంచే చిన్న ఇనప ముక్క (కీ) అరిగిపోయి, పుల్లీ ఊగడం మొదలుపెడుతుంది. చివరికి ఇంజినే మార్చాలి. కింద పుల్లీలో గాట్లు లెక్కపెట్టు. నాలుగుంటే పొట్టిది, ఎనిమిదుంటే తర్వాత బాగుచేసిన పొడుగుది. నాలుగున్నంత మాత్రాన పాడైనట్టు కాదు. ఇంజిను తిరుగుతుండగా పుల్లీ వంక ఒక నిమిషం చూడు. తొణక్కుండా తిరగాలి. ఇంజిను వెనక భాగంలో ఆయిలు కారుతుంటే "రియర్ మెయిన్ సీల్ పోయింది" అని భయపెట్టేవాళ్లుంటారు. ఈ పాతవాటిల్లో చాలాసార్లు అది పైనున్న క్యామ్ యాంగిల్ సెన్సరు రబ్బరు రింగు. కొన్ని డాలర్ల వస్తువు. చల్లటి ఇంజిను స్టార్టు చేయగానే టిక్కుటిక్కుమంటే అది కూడా కంగారు పడాల్సింది కాదు. అయినా ఎర్రది నాకు మనస్కరించడం లేదు. కారణం ఇంజిను కాదు. ఎయిర్‌బ్యాగు డ్రైవరుకొక్కటే, బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, జారితే పట్టుకునే ఎలక్ట్రానిక్సు అసలే లేవు. లేచి నిలబడే హెడ్‌లైట్లు చూసి నువ్వు మనసు పారేసుకున్నావని తెలుసు. ముచ్చటైనవే. నీ మొదటి చలికాలానికి మాత్రం ఆ కారు వద్దు.

వెండిదానిలో రెండు ఎయిర్‌బ్యాగులు, వెనక గాజు అద్దం, 1.8 ఇంజిను. 2001వాటిలో కొన్నింటికి క్రాంకుని ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టే థ్రస్ట్ బేరింగు జబ్బుంది. ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి, ఇంజిను నడుస్తుండగా క్లచ్ తొక్కించి వదిలించు. నువ్వు ముందు నిలబడి పుల్లీని చూడు. అది ముందుకీ వెనక్కీ కంటికి కనపడేంత జరిగిందంటే ఆ ఇంజిను మీద ఆశ వదులుకో. డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ ముల్లు ఎప్పుడూ మధ్యలో నిలబడి నిన్ను ఊరిస్తుంది. నమ్మకు, ఆ ఏళ్ల కార్లలో అది ప్రెషరు ఉందా లేదా అని మాత్రమే చెప్తుంది, ఎంతుందో చెప్పదు. డిప్‌స్టిక్కు తీసి ఆయిలు మట్టం చూసుకో.

రెంటికీ వర్తించేవి కొన్ని. టైమింగ్ బెల్టు 60,000 మైళ్లకి మార్చాలి. "ఈమధ్యే మార్చాం" అంటే బిల్లు అడుగు, బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్కగట్టి ధర తగ్గించమను. రేడియేటరు పై ప్లాస్టిక్ నల్లగా ఉండాలి. ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకి తిరిగితే పగలడానికి సిద్ధంగా ఉందన్నమాట. టైరు పక్కన డాట్ అక్షరాల తర్వాత చివరి నాలుగంకెలు చూడు. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతున్నా పదేళ్ల టైరు పనికిరాదు. క్లచ్ పెడలు మెత్తగా లోపలికి పోతే, రివర్సు గేరు గరగరమంటే, క్లచ్చుని విడదీసే స్లేవ్ సిలిండరు లీకవుతున్నట్టు. చవక వస్తువే, బేరానికి వాడుకో. టర్బోలు, నేలకి ఆనేంత కిందికి దింపిన స్ప్రింగులు, పెద్ద సైలెన్సర్లు పెట్టిన కార్ల జోలికి వెళ్లకు. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారు ఎప్పుడూ ఒక మెట్టు పైనే.

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వెయ్యి. వెచ్చగా ఉంటే నువ్వొచ్చేలోపే స్టార్టు చేసి పెట్టాడన్నమాట. ఎందుకో అడుగు. చల్లగా ఉండగానే బయల్దేరి మూడో గేరు నుంచి రెండుకి దించు. గరగరమందా, లేదా? హైవే మీద 65 మైళ్ల వేగం దగ్గర స్టీరింగు వణికితే చాలావరకు టైర్ల బ్యాలెన్సే. ఇవి దానికి మహా సున్నితం. గేరు కారు ఇండియాలో నడిపావు కాబట్టి క్లచ్ నీకు కొత్త కాదు. కానీ అక్కడ ఎడం చేత్తో గేరు మార్చావు, ఇక్కడ కుడిచేత్తో. మొదటి రోజుల్లో నీ ఎడం చెయ్యి తలుపుకి కొట్టుకుంటుంది. అమ్మేవాడి ఎదురుగా కాకుండా ముందే ఎవరి గేరు కారుమీదైనా అలవాటు చేసుకుని వెళ్లు.

నీకు నచ్చాక కూడా డబ్బు ఇవ్వకు. నువ్వు ఎంచుకున్న మెకానిక్కు దగ్గర లిఫ్టు మీదికి ఎక్కించు, ఇంజిను సిలిండర్లలో ఒత్తిడి (కంప్రెషన్) చూడమను. రెండొందల డాలర్ల చుట్టూ తీసుకుంటాడు. దానికి ఒప్పుకోని అమ్మకందారుతో మాటలు అనవసరం.

కాగితాల్లో టైటిలు, అంటే కారు ఎవరిదో చెప్పే పత్రం, ముఖ్యం. దాని మీద సాల్వేజ్ (ఇన్సూరెన్సువాళ్లు పనికిరాదని తేల్చింది), రీబిల్ట్ (అలాంటిదాన్ని మళ్లీ బాగుచేసింది) అని ఉంటే వద్దు. టైటిలు మీద పేరు, అమ్మేవాడి లైసెన్సు మీద పేరు ఒకటేనా చూడు. ఒహాయోలో అమ్మేవాడు నోటరీ ఎదుట సంతకం పెట్టాలి. ముందే సంతకం చేసిన టైటిలు చేతిలో పెట్టి "మా ఫ్రెండుది" అంటే లేచి వచ్చెయ్. విన్ నంబరుతో (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబరు) దొంగ కారో కాదో ఎన్ఐసీబీ (ఇన్సూరెన్సు మోసాలు పట్టే సంస్థ) సైట్లో ఉచితంగా తెలుస్తుంది, లోపముందని కంపెనీ వెనక్కి పిలిచిన రీకాల్స్ సంగతి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్లో.

అదే నంబరుతో ఇన్సూరెన్సు కొటేషను కూడా కొనకముందే తీసుకో. కొత్త లైసెన్సు, స్పోర్ట్స్ కారు. ఇండియాలో నడిపిన ఏళ్లు చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. ఒహాయో చట్టం అడిగే కనీసం 25/50/25 (వేల డాలర్లలో: ఒక్కరి గాయాలకి, ఒక ప్రమాదంలో అందరి గాయాలకి, అవతలివాళ్ల ఆస్తికి) చాలదు. ఈ దేశంలో ఒక్క అంబులెన్సు, రెండు రోజుల ఆస్పత్రి దాన్ని దాటేస్తాయి. నీ సొంత కారు దెబ్బతింటే ఇచ్చే కొలిజన్ కవరేజీ పెట్టాలా వద్దా నీ ఇష్టం, అవతలివాళ్లకి చెల్లించే లయబిలిటీ మాత్రం 100/300/100కి పెంచుకో. చలికాలానికి నాలుగు వింటర్ టైర్లు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకో. వెనక చక్రాలు తిప్పే తేలిక బండి, మంచులో నున్నటి టైర్లతో పార్కింగు లాట్ కూడా దాటదు.

అన్నట్టు వేసవిలో మీ అమ్మా నాన్నా వస్తున్నారు. ఇద్దరూ నాలుగు పెద్ద పెట్టెలు తెస్తారు. ఆ డిక్కీలో ఒక్క పెట్టె పడితే గొప్ప, మనిషి కూడా ఒక్కరే పడతారు. ఎయిర్‌పోర్టుకి ఎవరి కారు అడుక్కోవాలో ఇప్పట్నుంచే చూసుకో. ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని మీ నాన్న టాక్సీలో రావడం అక్క ఒప్పుకోదు.

వెండిదాన్ని చూడటానికి పగలే వెళ్లు, వాన పడుతుంటే ఇంకో రోజుకి మార్చుకో. తడి కారు మీద ప్రతి పెయింటూ మెరుస్తుంది. కింద పడుకోడానికి పాత దుప్పటి, టార్చి, అయస్కాంతం పట్టుకెళ్లు. చాసిస్ పట్టీల దగ్గరికి రాగానే నాకు వీడియో కాల్ చెయ్యి. శనివారమైతే ఎప్పుడైనా తీస్తాను. ఆదివారం పొద్దున మాత్రం మీ అత్త గుడికి లాక్కెళ్తుంది, పన్నెండు తర్వాత చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య,
డాలస్