పాస్‌పోర్టులో ఈసీఆర్ ఉంటే తీయించుకోవచ్చా?

రాజోలు నుంచి ఇంటిపనికి మస్కట్ (ఒమన్) వెళ్లే మహిళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలి) అని ఉంది, ఆ ముద్ర పోతుందా అన్నది ప్రశ్న. పదో తరగతి పాసైతే పోతుంది. రీ-ఇష్యూకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, ఈసీఆర్ తొలగింపు ఎంచుకుని, రూ. 1,500 కట్టి, పాత పాస్‌పోర్టు, టెన్త్ మెమో ఒరిజినల్స్ భీమవరం పాస్‌పోర్టు సేవా కేంద్రానికి పట్టుకెళ్లాలి. రెండింట్లో పుట్టినతేదీ కలవకపోతే ఫైలు ఆగిపోతుంది, ముందే చూసుకోండి.

టెన్త్ లేకపోతే, ఒమన్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగ వీసా మీద వెళ్లడానికి ఈ-మైగ్రేట్ (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్) క్లియరెన్స్ కావాలి. ఇంటిపనికైతే 30 ఏళ్లు నిండాలి. "విజిట్ వీసా మీద ఎక్కేయమ్మా, అక్కడ మార్పిస్తాం" అనే ఏజెంటును దయచేసి నమ్మొద్దు. అలా వెళితే ఒప్పంద పత్రం ఉండదు, రూ. 10 లక్షల ప్రవాసీ బీమా ఉండదు, జీతం ఎగ్గొడితే అడగడానికి చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.