పాఠకుల ప్రశ్నలు: బియ్యం ఇంట్లో ఉన్నా పస్తులే

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా వాడకట్టులో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు. నిరుడు ఆయన భార్య చనిపోయింది, కొడుకు కుటుంబం హైదరాబాద్‌లో కూలి పనులకు వెళ్లింది. నెలనెలా రేషన్ బియ్యం వస్తున్నా ఆయనకు వంట రాదు. మా మహిళా సంఘం వాళ్లం వంతులవారీగా గిన్నె పంపుతున్నాం కానీ, నాట్లు మొదలైతే అది సాగదు. పైగా గిన్నె అందుకోవడానికి ఆయన నామోషీ పడుతున్నారు. ఏం చేయమంటారు?
– సంఘం సభ్యురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: ఆయన నామోషీని చాదస్తం అనుకోకండి. జీవితమంతా నలుగురికి పెట్టిన చేయి ఇప్పుడు చాచాల్సి రావడం ఆకలి కంటే ఎక్కువ బాధిస్తుంది. అందుకే వంతులు మానకుండానే, ఆయన పొయ్యి మీద ఆయన చేతనే వండించడం మొదలుపెట్టండి.

ముందు కార్డు సంగతి చూడండి. మన రాష్ట్రంలో ఆహార భద్రత కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం వస్తాయి, అంటే రోజుకు 200 గ్రాములు. హుజూర్‌నగర్‌లో 2025 ఉగాదినాడు మొదలైన పథకంతో అవి సన్నబియ్యంగా అందుతున్నాయి. పొలం పనిలో వేళ్ల గీతలు అరిగిపోయి వేలిముద్ర పడకపోతే, కనుపాప యంత్రంతో చూడమని డీలర్‌ను అడగండి. అయినా తిప్పి పంపితే 1967 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇక వంట. అన్నం, పప్పు, పచ్చిపులుసు అనే మూడింటితో మొదలుపెడితే చాలు. మీరు పక్కన పీట వేసుకుని కూర్చోండి గానీ గరిటె మాత్రం అందుకోకండి, ఎందుకంటే చూసి నేర్చుకున్న వంట మీరు గడప దాటగానే మరుపున పడుతుంది. కొలతకు ఆయన రోజూ నీళ్లు తాగే గ్లాసునే వాడించండి: అర గంట నానిన బియ్యం ఒక గ్లాసైతే నీళ్లు రెండు గ్లాసులు. మొదటి వారం అన్నమొక్కటే వండించండి. మాడినా, మెత్తబడినా ఆయననే మళ్లీ పెట్టనివ్వండి. పచ్చిపులుసుకు పొయ్యి పని దాదాపు లేదు కనుక రెండో వంటగా అదే మేలు: చింతపండు పిసికిన నీళ్లలో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఉప్పు కలిపి, చేతనైతే జీలకర్ర పోపు పెడతారు, లేకపోతే లేదు.

పప్పు దగ్గరే కొత్తవాళ్లు విసిగిపోతారు. కందిపప్పు ముందే నానబెట్టించి, మెత్తగా ఉడికిన తర్వాతే పుంటికూరనో చింతపండునో వేయించండి. పులుపు ముందే పడితే పప్పు ఎంతసేపటికీ బద్దగానే ఉంటుంది. మన దిక్కు బోరు నీళ్ల కఠినత్వం వల్ల కూడా పప్పు ఉడకదు. అంతకంటే ముఖ్యంగా, ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే కాచినంత మాత్రాన అది పోదు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. కాబట్టి తాగడానికే కాక వంటకు కూడా భగీరథ నల్లా నీళ్లే పట్టించండి. జొన్నరొట్టె జోలికి ఇప్పుడే వెళ్లవద్దు, దానికి చేయి తిరగడానికి చాలా రోజులు పడుతుంది.

చూపు మందగించి ఉంటారు కనుక, వంటయ్యాక సిలిండర్ రెగ్యులేటర్ తిప్పి కట్టేయడం మొదటి రోజే అలవాటు చేయండి. పప్పు కుదిరిన రోజున మాత్రం మీ సంఘం వాళ్లు ఒకరిద్దరు ఆయన ఇంట్లోనే కూర్చుని, ఆయన వడ్డించగా తిని రండి.

ప్రశ్న: మా ఊరి నుంచి ముంబైకి వలస వెళ్లే కూలీలకు అక్కడ రేషన్ ఇస్తారా?
– పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డుకు ఇస్తారు. ఆధార్ అనుసంధానమై ఉంటే, వెళ్లినవారు అక్కడి చౌకధరల దుకాణంలో మనిషికి 5 కిలోల కేంద్ర వాటాను తీసుకోవచ్చు, ఊళ్లో మిగిలినవారు తమ వాటా ఇక్కడే తీసుకోవచ్చు. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డైతే బయటి రాష్ట్రాల్లో చెల్లదు. అందుకని బస్సెక్కకముందే తమది ఏ కార్డో డీలర్‌ను అడిగి తెలుసుకోమనండి.