మెయిన్ దించినా షాక్ ఎందుకు కొట్టింది?

అది మీ ఇన్వర్టర్ కరెంటు. కిందటి వరదలో మెయిన్ ఆఫ్ చేశాకే నీళ్లలో దిగానని, అయినా గోడ తాకితే జిల్లుమందని రాశారు. మెయిన్ దించితే ఇన్వర్టర్‌కి అది మామూలు కరెంటు కోతే. వెంటనే బ్యాటరీ నుంచి ఇంటి వైరింగ్‌కి 230 వోల్టులు పంపుతుంది. దాని ప్లగ్గు పీకినా ఆగదు.

కృష్ణా నది మీది జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తారని వినగానే, ఇంట్లో నేల ఇంకా పొడిగా ఉండగానే చేయండి:

1. మెయిన్ ఆఫ్.
2. ఇన్వర్టర్ ముందు బటన్ ఆఫ్. అందరూ ఇక్కడే ఆగిపోతారు. బ్యాటరీ నల్ల వైరు కూడా విప్పి, కొసకు టేపు చుట్టి పక్కకు కట్టండి. పానా రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలితే నిప్పులు చిమ్ముతాయి, పిడికి ముందే టేపు చుట్టుకోండి.
3. ప్రతి గదిలో లైటు వేసి చూడండి. ఒక్కటీ వెలగకూడదు.
4. గ్యాస్ రెగ్యులేటర్ తీసి, మూత పెట్టి, సిలిండర్‌ను నిలువుగా కిటికీ ఊచలకు కట్టండి. నిండుదైనా నీళ్లలో తేలుతుంది.
5. గొడ్ల పలుపులు విప్పి మిట్టకు తోలండి. పట్టా పాస్‌బుక్కు, ఆధార్ మీ ఒంటిమీదే ఉండాలి.

నీళ్లు అప్పటికే లోపలికి వచ్చుంటే ఇవేవీ వద్దు, దయచేసి స్విచ్ ముట్టకండి. బయటికొచ్చేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పి లైను ఆపించండి. లైను ఆగినా ఇన్వర్టర్ బతికే ఉంటుంది, బీరువా కోసం మళ్లీ లోపలికి పోవద్దు.