హారికకి, నీ వ్యాసం చదివాక

హారికా, నీ వ్యాసం చదివానమ్మా, బాగానే ఉంది కానీ మొదటి పేరాలోనే ‘అమెరికా మహిళలు ఒక్కో మెట్టూ ఎక్కుతూ హక్కులు సాధించుకున్నారు’ అని రాసేశావు చూడు, అక్కడే నాకు తేడా కొట్టింది. మెట్లేంటమ్మా, ఎక్కినవాళ్ళని కిందకి తోసేసిన సంగతి ఉందిగా. మనవాళ్ళు బోలెడుమంది ఉండే న్యూజెర్సీనే తీసుకో. ఆ రాష్ట్రం 1776 రాజ్యాంగంలో యాభై పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులందరికీ ఓటు అన్నారు, మగాళ్ళకి మాత్రమే అనలేదు, 1797 ఎన్నికల చట్టంలో అయితే ఏకంగా ‘అతను లేదా ఆమె’ అనే రాశారు, ఆడవాళ్ళు వెళ్ళి ఓటేశారు కూడా. 1807లో పీకేశారు. ఆస్తి ఉన్న నల్లజాతి వాళ్ళ ఓటు కూడా అదే దెబ్బకి పోయింది. మళ్ళీ అక్కడి ఆడవాళ్ళ చేతికి ఓటొచ్చింది 1920లో!

ఇంకోటి, ఓటేసిన వాళ్ళు దాదాపు అందరూ పెళ్ళికానివాళ్ళు, భర్త పోయినవాళ్ళు. ఎందుకంటే అప్పటి చట్టం ప్రకారం పెళ్ళయిందంటే ఆవిడ సంపాదనా సొత్తూ మొగుడి చేతికే, ఇక యాభై పౌండ్లు ఎక్కడినుంచి చూపిస్తుంది. అందుకే చెప్తున్నా, ఎవరి గురించి రాసినా ముందు ఆస్తి ఎవరి పేరున ఉందో చూడు, సగం కథ అక్కడే దొరుకుతుంది.

అబిగైల్ ఆడమ్స్ 1776 మార్చిలో భర్త జాన్‌కి, అదే తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్‌కి, కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్ళని మర్చిపోవద్దని రాసిన ఉత్తరం నువ్వూ పెట్టావు, అందరూ పెడతారు. ఆవిడ అందులో ఓటు అడగలేదమ్మా, భర్తల చేతికి హద్దూ పద్దూ లేని అధికారం ఇవ్వొద్దంది. ఆయన నవ్వొస్తోందని జవాబు రాశాడు. నాకైతే ఆవిడ 1816లో రాసిన వీలునామా ఇంకా ఇష్టం. మొగుడుండగా పెళ్ళయిన ఆడది వీలునామా రాస్తే చట్టంలో చెల్లదు, అయినా కూర్చుని రాసి, బట్టలూ డబ్బూ చాలావరకు మనవరాళ్ళకి, మేనకోడళ్ళకి, ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళకి పంచింది. ఆవిడ పోయాక జాన్ దాన్ని అలాగే అమలుచేశాడు, ఆయన్ని తిట్టేటప్పుడు ఇది కూడా రాయి మరి.

బెట్ గురించి రెండే లైన్లు రాశావేం? మసాచుసెట్స్‌లో బానిస ఆవిడ. యజమానురాలు వంటింట్లో వాడే కాలుతున్న పారతో ఇంకో అమ్మాయిని కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది, ఆ మచ్చ జన్మంతా ఉండిపోయింది, దాన్ని దాచుకోలేదు కూడా. 1780 రాష్ట్ర రాజ్యాంగం మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుట్టారందిగా, మరి నా సంగతేంటని లాయరు సెడ్జ్‌విక్ దగ్గరికెళ్ళింది. 1781లో బ్రామ్ అనే ఇంకో బానిసతో కలిపి స్వేచ్ఛ కోసం వేసిన ఆ కేసు గెలిచారు, పైగా ముప్పై షిల్లింగులు నష్టపరిహారం. తర్వాత ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకుంది. చదువు రాని మనిషి, ఆ రాజ్యాంగాన్ని రాసినవాళ్ళకన్నా సీరియస్‌గా తీసుకుంది!

ఆడవాళ్ళ హక్కుల కోసం జరిగిన 1848 సెనెకా ఫాల్స్ సభ దాకా లాగాలని చూడకు, అది వేరే వ్యాసం. ఆ ‘మహిళా శక్తి’, ‘స్ఫూర్తి’ లాంటివన్నీ కొట్టేసి, వచ్చిన ఖాళీలో బెట్‌కి ఒక పేజీ ఇచ్చి మళ్ళీ పంపు, ఈసారి వర్డ్ ఫైల్ పంపమ్మా, ఫోన్‌లో ఫొటోలు చదవలేక కళ్ళు పోతున్నాయి.